రియల్ క్లబ్ ఎస్పాన్యా: 1950లో లీగ్ విడిచిపెట్టిన మెక్సికో జట్టు గురించి చర్చ

పాతబంతి (చర్చ ప్రారంభం)

మెక్సికో ఫుట్‌బాల్ గురించి ఈ వేదికలో మాట వచ్చినప్పుడల్లా క్లబ్ అమెరికా, గ్వాదలహారా, క్రూస్ అసుల్ పేర్లే వినిపిస్తాయి. ఇప్పటికీ ఆడుతున్న జట్లు కాబట్టి అది సహజమే. కానీ ఆ దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో ప్రొఫెషనల్ లీగ్ రాకముందరి నాలుగు దశాబ్దాలను తీసుకుంటే, అందరికన్నా ఎక్కువసార్లు విజేతగా నిలిచిన జట్టు వీటిలో ఏదీ కాదు. ఆ గౌరవం 1912 మార్చి 20న స్పెయిన్ నుంచి వలస వచ్చినవారు మెక్సికో నగరంలో స్థాపించుకున్న రియల్ క్లబ్ ఎస్పాన్యాది (స్పానిష్‌లో ఎస్పాన్యా అంటే స్పెయిన్). అమెచ్యూర్ కాలంలో డజనుకు పైగా లీగ్ టైటిళ్ళు గెలుచుకుని, 1943లో ప్రొఫెషనల్ లీగ్ మొదలయ్యాక రెండో సీజన్‌లోనే అక్కడా విజేత అయిన ఈ జట్టు, 1949–50 సీజన్ ముగిసిన వెంటనే తనంతట తానుగా తప్పుకుంది. కింది డివిజన్‌కు పడిపోయిన జట్టు కనుమరుగు కావడం ఎక్కడైనా చూస్తాం. అగ్రశ్రేణిలో ఉండగానే, అంతటి చరిత్ర వెనుక ఉండగానే, ఒక క్లబ్బు ఫుట్‌బాల్‌నే వదులుకోవడం మాత్రం అరుదు.

ఈ జట్టు కథను మొదటినుంచి చివరివరకు ఒకచోట రాసిపెట్టుకోవాలని నా కోరిక. తెలిసిన సభ్యులందరూ తమ వంతు చేర్చవలసిందిగా మనవి. నాకున్న ప్రధానమైన ప్రశ్న ఒక్కటే: ఎస్పాన్యాను పోగొట్టింది ఆట నియమాలా, లేక ఆ కాలంలో మెక్సికో తనను తాను చూసుకున్న తీరా?

---

మధ్యగీత

పాతబంతి గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. తొలి భాగం నేను రాస్తాను.

మెక్సికోకు ఫుట్‌బాల్‌ను తెచ్చింది స్పెయిన్ వారు కాదన్న సంగతి ముందు గుర్తుంచుకోవాలి. పచూకా వెండి గనులలో పనిచేయడానికి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతం నుంచి వచ్చిన గని కార్మికులు, ఒరిసాబా మిల్లులలోని బ్రిటిష్ ఉద్యోగులు, మెక్సికో నగరంలోని ఆంగ్లేయుల క్లబ్బులు కలిసి 1902లో తొలి లీగ్‌ను ప్రారంభించారు. మొదటి విజేత ఒరిసాబా. ఆ తరువాతి పదేళ్ళూ ఆట దాదాపుగా ఆంగ్లేయుల చేతిలోనే ఉంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ క్లబ్బుల యువకులలో చాలామంది స్వదేశం తరపున పోరాడడానికి వెళ్ళిపోయారు. ఒక్కొక్క జట్టే పలచబడి మూతపడుతూ ఉంటే, ఆ ఖాళీలోకి వచ్చి నిలిచినది ఎస్పాన్యా. 1913–14 నుంచి వరుసగా నాలుగు టైటిళ్ళు గెలవడం వెనుక ఆటగాళ్ళ ప్రతిభతోపాటు ఈ పరిస్థితి కూడా ఉంది.

అదే సమయంలో మెక్సికోలో విప్లవం జరుగుతోందని మరవకూడదు. 1910లో మొదలైన ఆ సంక్షోభం దశాబ్దమంతా సాగింది. రాజధాని చేతులు మారుతూ ఉన్న ఏళ్ళలో కూడా లీగ్ నడిచిందంటే, దానిని నడిపినవారు స్థిరపడిన, ఆర్థికంగా బలమున్న సమాజాలవారు కావడమే కారణం. స్పెయిన్ వలసదారులలో కిరాణా వ్యాపారులు, బట్టల మిల్లుల యజమానులు, బేకరీల యజమానులు ఎక్కువ. క్లబ్బుకు మైదానం, దుస్తులు, ప్రయాణ ఖర్చులు ఇవ్వగల స్తోమత వారికి ఉండేది. ఆ తరువాత స్పెయిన్ రాజు 13వ అల్ఫోన్సో క్లబ్బుకు 'రియల్' అనే రాజబిరుదు ప్రసాదించాడు. గణతంత్ర రాజ్యమైన మెక్సికోలో ఒక జట్టు పరాయి రాజు ఇచ్చిన బిరుదును పేరుకు ముందు పెట్టుకుని ఆడడం ఎలాంటి భావాలను రేపి ఉంటుందో ఊహించుకోవచ్చు.

స్పెయిన్ వారి జట్టుకు ఎదురు నిలిచిన మెక్సికో జట్లలో ఒకటి క్లబ్ అమెరికా. 1916లో మెక్సికో విద్యార్థులు స్థాపించిన ఆ జట్టు 1924–25 నుంచి వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచింది. ఈలోగా స్పెయిన్ వారిలోనే వేరుపాటు వచ్చి, 1918లో అస్తూరియాస్ ప్రాంతం నుంచి వచ్చినవారు తమ ప్రాంతం పేరుతోనే సొంత జట్టును పెట్టుకున్నారు. అప్పటినుంచి 1950 వరకు ఎస్పాన్యా, అస్తూరియాస్‌ల కథ విడదీయడానికి వీలుకాదు. రెండూ ఒకరితో ఒకరు గట్టిగా పోటీపడ్డాయి. అయినా గ్యాలరీలోని మెక్సికన్ల కళ్ళకు రెండూ ఒకటే.

---

శ్రావణి_హనుమకొండ

మధ్యగీత గారి చివరి వాక్యం దగ్గరే నేను ఆగుతాను. గ్యాలరీల కళ్ళకు ఆ రెండు జట్లూ ఒకటేనన్న సంగతి 1939 మార్చి 26న తేటతెల్లమైంది.

1930వ దశకంలో మెక్సికో నగరపు ఫుట్‌బాల్‌లో సామాన్య జనం తమవిగా భావించిన జట్లు రెండు. ఒకటి అట్లాంటే, బీదల వాడల జట్టు. రెండోది నెకాక్సా, విద్యుత్ కంపెనీ, ట్రామ్ కంపెనీ ఉద్యోగుల జట్లు కలిసి 1923లో ఏర్పడినది. నెకాక్సా ఆటగాళ్ళ మధ్య ఉన్న సమన్వయాన్ని చూసి వారిని 'పదకొండుమంది అన్నదమ్ములు' అని పిలిచేవారు. 1932–33 నుంచి 1937–38 వరకు ఆరు సీజన్లలో నాలుగు టైటిళ్ళు వారివే. మిగిలిన రెండూ, అంటే 1933–34, 1935–36, ఎస్పాన్యావి. దీనిని బట్టి ఆ దశాబ్దపు అసలైన పోరు ఎవరి మధ్య జరిగిందో అర్థమవుతుంది.

అస్తూరియాస్ క్లబ్బు 1936లో తన సొంత మైదానం పార్కే అస్తూరియాస్‌ను తెరిచింది. అప్పటికి రాజధానిలో ఉన్న అత్యుత్తమ ఫుట్‌బాల్ మైదానం అదే. గ్యాలరీలు మాత్రం చెక్కవి. నేను చెప్పిన ఆ రోజున అక్కడ నెకాక్సా, అస్తూరియాస్ తలపడ్డాయి. నెకాక్సాకు అప్పుడు ఒరాసియో కసారిన్ అనే ఇరవై ఏళ్ళ ఫార్వర్డ్ ఉండేవాడు. నగరమంతా ఆరాధించిన కుర్రవాడు. అస్తూరియాస్ రక్షణ ఆటగాళ్ళు అతని కాళ్ళమీద పదేపదే ఫౌళ్ళు చేసి, చివరికి అతను గాయపడి ఆట నుంచి తప్పుకునే దాకా తెచ్చారు. ఆట 2–2తో ముగిసింది. రెఫరీ తీర్పులు స్పెయిన్ జట్టుకు అనుకూలంగా ఉన్నాయని నమ్మిన ప్రేక్షకులు ఆ కోపాన్ని పట్టలేక చెక్క గ్యాలరీలకు నిప్పు పెట్టారు. మైదానంలో పెద్ద భాగం కాలిపోయింది. ఆ సీజన్‌లో లీగ్ విజేత అస్తూరియాసే కావడంతో ఆ చేదు మరింత నిలిచిపోయింది.

ఈ సంఘటనను కేవలం ప్రేక్షకుల అల్లరిగా చెప్పే కథనాలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది. అంతకు సుమారు ఏడాది క్రితం, 1938 మార్చి 18న, అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీలను జాతీయం చేశాడు. దేశమంతా 'మాది మాకు' అన్న భావనతో ఉప్పొంగుతున్న సమయం అది. వీధి చివరి కిరాణా దుకాణంలో స్పెయిన్ యజమాని దగ్గర అరువు పెట్టిన మనిషి, ఆదివారం మైదానంలో అదే స్పెయిన్ పేరున్న జట్టు తన కుర్రవాణ్ణి పడగొట్టడం చూశాడు. నిప్పు పెట్టడాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. ఆ మంటకు వెనుక ఉన్న చరిత్రను వదిలేస్తే ఎస్పాన్యా నిష్క్రమణ కూడా అర్థం కాదని మాత్రమే చెబుతున్నాను.

---

నీలిచొక్కా

శ్రావణి గారూ, మీరు చెప్పిన చిత్రం నిజమే అయినా దానిలో ఒక ముఖ్యమైన మలుపు రావలసి ఉంది. స్పెయిన్ వారందరూ ఒకటి కారు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మెక్సికోకు రెండో స్పెయిన్ వచ్చి చేరింది.

1936లో స్పెయిన్‌లో గణతంత్ర ప్రభుత్వానికీ, జనరల్ ఫ్రాంకో పక్షానికీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. 1937లో బార్సిలోనా క్లబ్బు డబ్బుకు కటకటలాడుతూ, 15,000 డాలర్ల ఒప్పందంపై, ఐరిష్ శిక్షకుడు పాట్రిక్ ఓకానెల్ నాయకత్వంలో మెక్సికో పర్యటనకు వెళ్ళింది. పర్యటన ముగిశాక స్వదేశానికి తిరిగివెళ్ళిన ఆటగాళ్ళు గుప్పెడుమంది మాత్రమే. మిగిలినవారు మెక్సికోలోనో ఫ్రాన్స్‌లోనో ఆగిపోయారు. అలా ఆగిపోయినవారిలో మార్తి వెంతోల్రా ఒకడు. 1934 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌కు ఆడిన ఈ వింగర్ మెక్సికోలో స్థిరపడి, అక్కడే పెళ్ళి చేసుకుని, అట్లాంటే తరపున చాలాకాలం ఆడాడు. అతని కుమారుడు హోసే 1970 ప్రపంచ కప్‌లో మెక్సికో జట్టులో ఆడాడు. తండ్రి ఒక దేశానికి, కొడుకు మరొక దేశానికి ప్రపంచ కప్ ఆడడం ఎంతో అరుదైన విషయం.

ఇక రెండో జట్టు ఎవుస్కాడి. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు స్వయంపాలిత ప్రభుత్వాధినేత హోసే ఆంతోనియో అగిర్రే స్వయంగా ఒకప్పుడు అథ్లెటిక్ బిల్బావో ఆటగాడు. యుద్ధ శరణార్థులకు నిధులు సేకరించడానికి, తమ ప్రజల గొంతును ప్రపంచానికి వినిపించడానికి ఆయన బాస్క్ ఆటగాళ్ళతో ఒక జట్టును విదేశాలకు పంపాడు. ఆ జట్టు పారిస్‌లో తొలి ఆట ఆడిన రోజు 1937 ఏప్రిల్ 26. అదే రోజున బాస్క్ ప్రాంతంలోని గెర్నికా పట్టణంపై బాంబుల వర్షం కురిసింది. యూరప్‌లో పలుదేశాలు తిరిగి, తరువాత అమెరికా ఖండానికి చేరిన ఆ జట్టును మెక్సికో ఆదరించి, 1938–39లో ఏకంగా తన లీగ్‌లోనే ఆడనిచ్చింది. వారు రెండో స్థానంలో నిలిచారు. అదే శ్రావణి గారు చెప్పిన మంటల సీజన్!

కాబట్టి ఆ ఒక్క సీజన్‌లో మెక్సికో నగరంలో మూడు స్పెయిన్ జట్లు ఉన్నాయి: పాత వలస వ్యాపారుల ఎస్పాన్యా, అస్తూరియాస్; యుద్ధంలో ఓడిపోతున్న గణతంత్రం తరపు ఎవుస్కాడి. పాత వలసదారులలో ఎక్కువమంది ఫ్రాంకో పక్షం వహించారు. కార్దెనాస్ ప్రభుత్వం గణతంత్ర పక్షాన గట్టిగా నిలిచింది. 1939 నుంచి సుమారు 20,000 మంది గణతంత్ర శరణార్థులకు మెక్సికో ఆశ్రయం ఇచ్చింది. ఫ్రాంకో పాలనను అది ఎన్నడూ గుర్తించలేదు. స్పెయిన్‌తో దౌత్య సంబంధాలు మళ్ళీ ఏర్పడింది 1977లోనే. ఇవన్నీ కలిపి చూస్తే, ఎస్పాన్యా అన్న పేరుతో ఆడడం 1940వ దశకంలో ఎంత చిక్కు విషయమో బోధపడుతుంది. ఆ పేరును ఫ్రాంకో స్పెయిన్‌గా చదివినవారూ, పోగొట్టుకున్న తమ స్పెయిన్‌గా చదివినవారూ ఒకే గ్యాలరీలో కూర్చునేవారు.

---

పాతబంతి

నీలిచొక్కా గారూ, ఎవుస్కాడి జట్టు చెదిరిపోయాక ఆ ఆటగాళ్ళు ఏమయ్యారు? లాంగరా ఎస్పాన్యాకు వచ్చింది అక్కడినుంచేనా?

---

నీలిచొక్కా

నేరుగా రాలేదు. 1939లో ఎవుస్కాడి ముగియగానే ఇసీద్రో లాంగరా మరికొందరు సహచరులతో కలిసి అర్జెంటీనాలోని సాన్ లొరెన్సోకు వెళ్ళాడు. అక్కడి మరో క్లబ్బు రివర్ ప్లేట్‌పై ఆడిన తొలి ఆటలోనే నాలుగు గోల్స్ చేశాడు. 1943లో మెక్సికో ప్రొఫెషనల్ లీగ్ ప్రారంభమవుతున్నప్పుడు ఎస్పాన్యా అతన్ని వెనక్కి రప్పించింది.

లాంగరా ఎంతటి ఆటగాడో కొత్త సభ్యుల కోసం చెబుతాను. స్పెయిన్‌లో ఒవియేదో క్లబ్బు తరపున 1934, 1935, 1936లలో వరుసగా మూడేళ్ళు లీగ్‌లో అత్యధిక గోల్స్ అతనివే. 1940లో అర్జెంటీనాలోనూ అగ్రస్థానం అందుకున్నాడు. ఎస్పాన్యాకు వచ్చాక 1943–44లో 27 గోల్స్‌తోనూ, 1945–46లో 40 గోల్స్‌తోనూ మెక్సికోలో మొదటి స్థానంలో నిలిచాడు. మూడు దేశాల లీగ్‌లలో అత్యధిక గోల్స్ సాధించినవాడయ్యాడు. ఇందులో నాకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉంది. ఒవియేదో నగరం అస్తూరియాస్ ప్రాంతానికి రాజధాని. అంటే అస్తూరియాస్ నేలమీద పేరు తెచ్చుకున్న బాస్క్ శరణార్థి, మెక్సికోలో అస్తూరియాస్ జట్టుకు ప్రత్యర్థిగా, ఎస్పాన్యా చొక్కాతో ఆడాడు. ఆటగాళ్ళ బతుకుతెరువు ముందు క్లబ్బుల పేర్లలోని రాజకీయాలు ఎంత పలచనివో దీనివల్ల తెలుస్తుంది.

---

మధ్యగీత

ప్రొఫెషనల్ లీగ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ తొలి రెండు సీజన్ల గురించి వివరంగా రాస్తాను. ఈ కథలో నాకు అత్యంత ప్రియమైన భాగం ఇదే.

1943–44లో పది జట్లతో లీగ్ మొదలైంది. రాజధాని నుంచి అమెరికా, అట్లాంటే, మార్తే, అస్తూరియాస్, ఎస్పాన్యా. గ్వాదలహారా నగరం నుంచి గ్వాదలహారా, అట్లాస్. వెరాక్రూస్ రాష్ట్రం నుంచి వెరాక్రూస్, ఒరిసాబాకు చెందిన ఏడీఓ, మొక్తెసూమా. నెకాక్సా ఇందులో లేదన్నది గమనించండి. ఆటగాళ్ళకు జీతాలిచ్చే పద్ధతిని ఆమోదించలేక ఆ క్లబ్బు తప్పుకుంది. జనం గుండెల్లో ఉన్న జట్టు బయట ఉండిపోయి, స్పెయిన్ వారి రెండు జట్లూ డబ్బుతో ముందుకొచ్చాయి. సీజన్ చివరికి అస్తూరియాస్, ఎస్పాన్యా సమాన పాయింట్లతో నిలిచాయి. విజేతను తేల్చడానికి ప్రత్యేకంగా ఆడించిన పోరులో అస్తూరియాస్ 4–1తో గెలిచి, మెక్సికో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు తొలి విజేత అయింది.

మరుసటి సీజన్ ఎస్పాన్యాది. ఆ జట్టును తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. ముందు లాంగరా. అతనికి బంతి అందించడానికి హోసే మాన్యుయెల్ మొరేనో! రివర్ ప్లేట్‌లో 'యంత్రం' అని పేరుపొందిన ఐదుగురు ఫార్వర్డ్‌లలో ఒకడైన మొరేనోను, ఎందరో అర్జెంటీనా పెద్దలు తమ దేశం కన్న అత్యుత్తమ ఆటగాడిగా తలచే మొరేనోను, 1944లో ఎస్పాన్యా మెక్సికోకు రప్పించింది. 1944–45 టైటిల్ అతని చేతులమీదుగా వచ్చింది. మెక్సికో గుర్రపు రౌతులను 'చార్రో' అంటారు. మెక్సికో నుంచి తిరిగివెళ్ళాక అర్జెంటీనా ప్రేక్షకులు అతన్ని జీవితాంతం 'చార్రో మొరేనో' అనే పిలిచారు. తరువాత చిలీలోనూ కొలంబియాలోనూ టైటిళ్ళు గెలిచి, నాలుగు దేశాల లీగ్‌లు గెలిచిన ఆటగాడిగా నిలిచాడు. మూతపడిన క్లబ్బు పేరు ఒక మహా ఆటగాడి ముద్దుపేరు వెనుక దాగి బతికి ఉందని నాకు అనిపిస్తుంది.

ఈ జట్టులో ఇంకొక పార్శ్వం కూడా ఉంది. విజయం కొనుగోలు చేసినదని ఆనాడే విమర్శ వచ్చింది. స్పెయిన్, అర్జెంటీనా దేశాల ఆటగాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చి లీగ్‌ను నింపుతూ ఉంటే, మెక్సికో కుర్రవాళ్ళకు చోటెక్కడ అన్న ప్రశ్న పత్రికలలోనూ ప్రభుత్వంలోనూ లేచింది. 1940వ దశకం మధ్యలో అధ్యక్షుడు మాన్యుయెల్ ఆవిలా కమాచో ప్రభుత్వం ఒక్కొక్క జట్టులో ఆడగల విదేశీయుల సంఖ్యపై పరిమితి విధించింది.

---

లెక్కలమాస్టారు

ఇప్పుడు పాతబంతి గారి అసలు ప్రశ్నకు వద్దాం. నా అభిప్రాయంలో సమాధానం మధ్యగీత గారి చివరి వాక్యంలోనే ఉంది. విదేశీ ఆటగాళ్ళపై పరిమితి రావడంతో ఎస్పాన్యా, అస్తూరియాస్‌ల బలం తగ్గింది. ఆ విషయంలోనూ లీగ్ పాలనలోనూ సమాఖ్యతో, ఇతర క్లబ్బులతో విభేదాలు ముదిరాయి. 1950లో రెండూ కలిసే వెళ్ళిపోయాయి. నియమాలు మారినప్పుడు పాత పద్ధతికి అలవాటుపడ్డ సంస్థ తట్టుకోలేకపోవడం ఎక్కడైనా జరిగేదే. దీనికి జాతీయభావం, మంటలు, అంతర్యుద్ధం ఇవన్నీ కలపడం వల్ల కథ రసవత్తరం అవుతుందే తప్ప కారణం మారదు. లీగ్ పట్టికలు చూడండి: 1945 తరువాత ఎస్పాన్యా మళ్ళీ విజేత కాలేదు. 1945–46లో వెరాక్రూస్, 1946–47లో అట్లాంటే, తరువాత రెండేళ్ళు లియోన్, 1949–50లో మళ్ళీ వెరాక్రూస్. రాజధాని చేతి నుంచి, అందులోనూ స్పెయిన్ వారి చేతి నుంచి, బలం జారిపోతున్న క్రమం స్పష్టంగా కనిపిస్తోంది.

---

శ్రావణి_హనుమకొండ

మాస్టారూ, మీరు చూపిన పట్టిక సరైనదే. దాని నుంచి మీరు తీసిన నిర్ణయంతో మాత్రం నేను ఏకీభవించలేను. విదేశీయులపై పరిమితి ఎస్పాన్యాకు ఒక్కదానికే రాలేదు. లియోన్, వెరాక్రూస్, అట్లాంటే అందరూ అదే నియమం కింద ఆడి గెలిచారు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు, కొందరు దానికి తగ్గట్టు మారి, కొందరు వెళ్ళిపోవడానికి కారణం నియమానికి బయట వెతకాలి.

అందులోనూ ఎస్పాన్యాకు మెక్సికో కుర్రవాళ్ళను తయారుచేసుకునే శక్తి లేక కాదు. ఆంతోనియో కర్బహాల్ పేరు వినని ఫుట్‌బాల్ అభిమాని ఉండరు. 1950 నుంచి 1966 వరకు ఐదు ప్రపంచ కప్‌లు ఆడిన తొలి ఆటగాడు. రాజధానిలో పుట్టిపెరిగిన ఆ గోల్‌కీపర్ 1948లో ప్రొఫెషనల్‌గా తొలి అడుగులు వేసింది ఎస్పాన్యాలోనే. 1950లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్ ఆడడానికి వెళ్ళినప్పుడు అతను ఎస్పాన్యా ఆటగాడు. క్లబ్బు తప్పుకోవడంతో లియోన్‌కు వెళ్ళి, 1966లో ఆట ముగించే వరకు అక్కడే ఉండి, రెండు లీగ్ టైటిళ్ళు గెలిచాడు. ఇక ఆ మంటల రోజున గాయపడిన కసారిన్? అతను కూడా తన ఆటజీవితపు చివరి భాగంలో ఎస్పాన్యా చొక్కా తొడిగాడు. గ్యాలరీలు ఏ కుర్రవాడి కోసం స్పెయిన్ వారి మైదానాన్ని తగలబెట్టాయో, ఆ కుర్రవాడే స్పెయిన్ వారి జట్టుకు ఆడినప్పుడు ఎవరూ నిప్పు పెట్టలేదు. అంటే కలిసిపోవడానికి దారి తెరిచే ఉంది.

ఆ దారిలో క్లబ్బు నడవలేదు. దాని పునాదిలో ఉన్న ఉద్దేశం మెక్సికో జట్టు కావడం కాదు, మెక్సికోలో స్పెయిన్ జట్టుగా ఉండడం. ప్రొఫెషనల్ లీగ్ నడవాలంటే వారంవారం వేలమంది టికెట్ కొనాలి. ఆ వేలమంది వలస సమాజం నుంచి మాత్రమే రాలేరు. పోల్చి చూడదలచుకుంటే గ్వాదలహారా ఉంది. మెక్సికో ఆటగాళ్ళను మాత్రమే ఆడించే ఆ జట్టు 1957 నుంచి 1970 వరకు ఎనిమిది లీగ్ టైటిళ్ళు గెలిచి దేశమంతటా అభిమానులను సంపాదించుకుంది. ఎస్పాన్యా ఖాళీచేసిన దశాబ్దంలోనే ఆ ప్రభంజనం మొదలు కావడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

---

లెక్కలమాస్టారు

శ్రావణి గారూ, కర్బహాల్ ఉదాహరణ బలమైనది. కానీ 1950లో వెళ్ళిపోయినవి స్పెయిన్ జట్లు రెండే కాదన్న సంగతిని మీ వాదనలో ఎక్కడ ఇముడుస్తారు? ఒరిసాబాకు చెందిన మొక్తెసూమా కూడా అప్పుడే తప్పుకుంది. అది బీరు కర్మాగారం అండతో నడిచిన జట్టు. దాని పేరు అజ్టెక్ చక్రవర్తిది. అంతకన్నా మెక్సికన్ పేరు ఉంటుందా? ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఖర్చులు, లీగ్ పాలకులతో తగాదాలు చాలా క్లబ్బులను బాధించాయి. పోషకులకు ఇష్టం తీరినప్పుడు జట్టు నిలవదు. ఎస్పాన్యా విషయంలో పోషకులు స్పెయిన్ వారు, మొక్తెసూమా విషయంలో కర్మాగారం వారు. తేడా అంతే.

---

శ్రావణి_హనుమకొండ

పోషకుల మాట ఒప్పుకుంటాను. అయితే మీ మాటనే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళండి. అదే 1950లో తిరిగి లీగ్‌లోకి వచ్చిన జట్టు ఏది? ఏడేళ్ళు బయట ఉన్న నెకాక్సా! దానిని తిరిగి తెచ్చింది విద్యుత్ కార్మికుల సంఘం. ఒకే వేసవిలో స్పెయిన్ వారి రెండు జట్లు వెళ్ళిపోయి, కార్మికుల జట్టు తిరిగి రావడం చూస్తే, పోషకుల ఇష్టాయిష్టాలు కూడా ఆ కాలపు గాలిని బట్టే మారాయని అర్థమవుతుంది. జట్టును తిరిగి తేవాలన్న పట్టుదల కార్మికులకు ఉంది. నిలుపుకోవాలన్న పట్టుదల స్పెయిన్ వారికి లేకపోయింది.

---

పాతబంతి

ఇద్దరి వాదనలూ చదువుతూ ఉంటే నాకు మరొక సంగతి తట్టింది. ఎస్పాన్యా క్లబ్బు మూతపడలేదు, మూతపడింది ఫుట్‌బాల్ జట్టు. రియల్ క్లబ్ ఎస్పాన్యా సామాజిక, క్రీడా క్లబ్బుగా మెక్సికో నగరంలో నేటికీ నడుస్తోంది. టెన్నిస్ కోర్టులు, ఈతకొలనులు, కుటుంబ వేడుకలతో సభ్యులకు సేవలందిస్తోంది. అంటే ఆ సమాజం చెదిరిపోలేదు, డబ్బు తరిగిపోలేదు. నగరమంతా చూసే ఆటను వదులుకుని, తమ ప్రాంగణంలో తాము ఉండాలని నిర్ణయించుకున్నారు. ఇది నా దృష్టిలో శ్రావణి గారి వాదనకే బలం చేకూరుస్తుంది. మాస్టారు చెప్పిన తగాదాలు నిష్క్రమణకు సమయాన్ని నిర్ణయించి ఉంటాయి.

ఈ విడిపోవడం వల్ల జరిగిన నష్టం కూడా ఉంది. ఈనాడు మెక్సికో లీగ్ విజేతల పట్టికలో సాధారణంగా 1943 తరువాతి టైటిళ్ళనే లెక్కిస్తారు. ఆ పట్టికలో ఎస్పాన్యాకు ఒకటి, అస్తూరియాస్‌కు ఒకటి మాత్రమే కనిపిస్తాయి. అమెరికాకో, నెకాక్సాకో అమెచ్యూర్ కాలపు టైటిళ్ళను గుర్తుచేసే అభిమానులు ఉన్నారు. ఎస్పాన్యా తరపున ఆ మాట ఎత్తే గొంతు లేదు.

---

మధ్యగీత

గొంతు లేదనడానికి ముందు అత్లేతికో ఎస్పాన్యోల్‌ను తలుచుకోవాలి కదా, పాతబంతి గారూ! ఈ కథకు అది రెండో సంపుటం లాంటిది.

1971లో నెకాక్సా మళ్ళీ ఆర్థికంగా చితికిపోయినప్పుడు దానిని స్పెయిన్ మూలాలున్న వ్యాపారవేత్తలు కొన్నారు. పేరు, చొక్కా రంగులు, చిహ్నం అన్నీ మార్చి అత్లేతికో ఎస్పాన్యోల్ అని నామకరణం చేశారు. ఎస్పాన్యా వెళ్ళిపోయిన 21 ఏళ్ళకు స్పెయిన్ పేరు మళ్ళీ లీగ్‌లోకి వచ్చింది, అదీ నెకాక్సా స్థానంలో. పదకొండుమంది అన్నదమ్ముల వారసత్వం మీద స్పెయిన్ పేరు రాయడాన్ని పాత నెకాక్సా అభిమానులు ఎంత అవమానంగా భావించి ఉంటారో చెప్పనక్కరలేదు.

ఆట పరంగా చూస్తే ఆ జట్టు తక్కువది కాదు. 1973–74 ఫైనల్ మొదటి అంచెలో అప్పటి మహాబలమైన క్రూస్ అసుల్‌ను 2–1తో ఓడించి, రెండో అంచెలో 0–3తో టైటిల్ చేజార్చుకుంది. 1975లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బుల చాంపియన్ కప్‌ను సురినామ్‌కు చెందిన ట్రాన్స్‌వాల్‌పై గెలిచింది. మరుసటి ఏడాది ఇంటర్‌అమెరికన్ కప్ కోసం అర్జెంటీనాకు చెందిన ఇండిపెండియెంటేతో కరాకస్‌లో తలపడి, రెండు ఆటలూ సమంగా ముగిశాక పెనాల్టీలలో ఓడింది. ఖండ స్థాయిలో విజేతగా నిలిచిన జట్టు! అయినా స్టేడియంలు నిండలేదు.

---

లెక్కలమాస్టారు

ఈ సంగతి నా వాదనకు అడ్డువస్తుందని గమనించాను. అత్లేతికో ఎస్పాన్యోల్ నాటికి విదేశీయుల నియమాలపై పాత తగాదా లేదు. జట్టు గెలుస్తోంది కూడా. అయినా జనం రాలేదంటే, పేరుకు ఉన్న బరువును నేను తక్కువగా అంచనా వేయకూడదు. ఒక్కటి మాత్రం చేర్చాలి: 1966లో అస్తెకా స్టేడియం తెరుచుకున్నాక రాజధానిలో అమెరికా ఉంది, 1971లో నగరానికి తరలివచ్చిన క్రూస్ అసుల్ ఉంది, విశ్వవిద్యాలయం జట్టు పూమాస్ ఉంది, అట్లాంటే ఉంది. ఐదో జట్టుకు జనం మిగలడం ఏ పేరుతోనైనా కష్టమే.

---

శ్రావణి_హనుమకొండ

ఐదో జట్టుకు జనం మిగలడం కష్టమన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను, మాస్టారూ. ఆ కష్టంలో పేరు తోడు నిలవలేదన్నదే నా మాట. 1982లో కొత్త యజమానులు ఆ జట్టును తీసుకున్నప్పుడు మొదట చేసిన పని స్పెయిన్ పేరును తీసేసి నెకాక్సా పేరును, ఎరుపు తెలుపు చారల చొక్కాను తిరిగి తేవడం. 1990వ దశకంలో ఆ నెకాక్సా 1994–95, 1995–96, 1998 శీతాకాలపు సీజన్లలో మూడు టైటిళ్ళు గెలిచింది. 2003లో రాజధాని విడిచి అగ్వాస్కాలియెంతెస్ నగరానికి తరలిపోయినా పేరు మాత్రం మార్చుకోలేదు.

పాతబంతి గారూ, 1912 నుంచి 1943 వరకు అమెచ్యూర్ విజేతల పట్టికను సంవత్సరాల వారీగా ఈ చర్చలోనే పెడితే బాగుంటుంది. 1930వ దశకం భాగం నేను రాసిస్తాను. తొలి ఏళ్ళను మధ్యగీత గారు తీసుకుంటారా?

---

మధ్యగీత

తప్పకుండా తీసుకుంటాను. 1902 నుంచి మొదలుపెడితే ఆంగ్లేయుల క్లబ్బుల తరువాత ఎస్పాన్యా ఎలా వచ్చిందో ఒకే చూపులో కనిపిస్తుంది కాబట్టి అక్కడినుంచే రాస్తాను.